శామ్ బౌవీ కాలి ఎముక: 1984లో పోర్ట్‌లాండ్ వేసుకున్న లెక్క

మన ఇళ్లలో బాస్కెట్‌బాల్ చూసే పిల్లలు బాగా పెరిగారు. జూన్ నెల వస్తే చాలు, అమెరికాలో ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎవరు ఎన్నో నంబరుకు పోతారని వాదించుకుంటారు. ఆ వాదనలో ఎక్కడో ఒకచోట శామ్ బౌవీ పేరు తప్పకుండా వస్తుంది, అదీ నవ్వులాటగానే. మైకేల్ జోర్డాన్‌ను వదిలేసి కాలు విరిగినవాణ్ని తీసుకున్న తెలివితక్కువ జట్టు కథ అది. ఆ కథను ఈసారి కాస్త నిదానంగా చెప్పుకుందాం. ఎందుకంటే మాకు అందులో తెలివితక్కువతనం పెద్దగా కనబడలేదు.

డ్రాఫ్ట్ అంటే తెలియని పెద్దలకు ఒక మాట. కాలేజీల నుంచి వచ్చే ఆటగాళ్లను వృత్తి జట్లు వరుసగా ఎంచుకుంటాయి. కిందటి ఏడు బాగా ఓడిన జట్టుకు ముందు అవకాశం. ఆ రోజుల్లో తూర్పు విభాగంలో అట్టడుగు జట్టుకు, పడమర విభాగంలో అట్టడుగు జట్టుకు మధ్య నాణెం ఎగరేసి మొదటి స్థానం తేల్చేవారు. 1984లో పడమర అడుగున హ్యూస్టన్, తూర్పు అడుగున ఇండియానా ఉన్నాయి. అయితే ఇండియానా తన వంతును ఎప్పుడో 1981లోనే టామ్ ఓవెన్స్ అనే ఆటగాడి కోసం పోర్ట్‌లాండ్‌కు ఇచ్చేసింది. ఆ విధంగా, 48 ఆటలు గెలిచిన మంచి జట్టు పోర్ట్‌లాండ్‌కు బొమ్మా బొరుసా ఆడే భాగ్యం దక్కింది. గెలిచింది మాత్రం హ్యూస్టన్.

హ్యూస్టన్ తీసుకున్నది హకీమ్ ఒలాజువాన్‌ను. నైజీరియాలోని లాగోస్‌లో పుట్టి, హ్యాండ్‌బాల్, ఫుట్‌బాల్ ఆడుకుంటూ పదిహేనేళ్ల వయసు దాకా బాస్కెట్‌బాల్ ముట్టనివాడు. అదే ఊరి విశ్వవిద్యాలయం తరఫున 1983, 1984లలో రెండుసార్లు జాతీయ ఫైనల్ ఆడాడు. నాణెం ఎలా పడినా అతనే మొదటివాడని అందరూ ఒప్పుకున్నారు. చిక్కంతా రెండో స్థానంలో ఉంది.

పోర్ట్‌లాండ్ మేనేజర్ స్టూ ఇన్‌మన్, కోచ్ జాక్ రామ్సే ముందున్న పరిస్థితి చూడండి. జోర్డాన్ ఆడే చోట వాళ్లకు అప్పటికే ఇద్దరున్నారు. ఒకడు జిమ్ పాక్సన్. రెండోవాడు ముందు ఏడాదే 14వ నంబరుకు దొరికిన క్లైడ్ డ్రెక్స్‌లర్. ఇతను తరవాత ఎంతటివాడయ్యాడో ఆట తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అదే వేసవిలో కికీ వాండెవే కోసం ముగ్గురు ఆటగాళ్లను డెన్వర్‌కు ఇచ్చారు. వాళ్లలో సెంటర్ ఆడే వేన్ కూపర్ ఒకడు. అంటే ఇంట్లో లేనిది పొడగరి. జార్జ్ మైకన్, బిల్ రస్సెల్, విల్ట్ చాంబర్లెన్, కరీమ్ అబ్దుల్ జబ్బార్ అంటూ ముప్పై అయిదేళ్లుగా ఆ ఆటను ఏలింది రింగు దగ్గర నిలబడే పొడుగువాళ్లే. పోర్ట్‌లాండ్ 1977లో గెలిచిన ఒకే ఒక్క కప్పు కూడా బిల్ వాల్టన్ అనే సెంటర్ చేతి మీదుగానే వచ్చింది.

బౌవీ మాటకొస్తే, పెన్సిల్వేనియాలోని లెబనాన్ ఊరివాడు, 7 అడుగుల 1 అంగుళం. ఆ ఎత్తులో అంత చక్కగా బంతి అందించేవాడు, అంత తేలిగ్గా పరుగెత్తేవాడు అరుదు. కెంటకీ విశ్వవిద్యాలయంలో రెండో ఏడాది ఆటకు 17 పాయింట్లు, 9 రీబౌండ్లు దాటించాడు. 1980 ఒలింపిక్ జట్టుకు ఎంపికయ్యాడు గాని, అమెరికా మాస్కోకు వెళ్లలేదు. ఆ తరవాత ఎడమ మోకాలి కింద పెద్ద ఎముకలో చీలిక వచ్చింది. ఒక ఏడు కాదు, వరసగా రెండేళ్లు కూర్చోబెట్టింది. 1983-84లో తిరిగొచ్చి ఆటకు పదిన్నర పాయింట్లు, 9 రీబౌండ్లు చేశాడు. జట్టును చివరి నాలుగింటి దాకా తెచ్చారు. అక్కడ జార్జిటౌన్ మీద కెంటకీ రెండో సగంలో 33 సార్లు వేసి 3 మాత్రమే బుట్టలో వేయగలిగింది. ఒక్క బౌవీ తప్పు కాదది, జట్టంతా చల్లబడిపోయింది.

ఇక్కడే ఎంచేవాళ్ల పని కష్టమయ్యేది. కాలేజీలో పొడుగువాడి పాయింట్లు చూసి మోసపోవచ్చు, తనకన్నా నాలుగంగుళాలు పొట్టివాళ్ల మీద చేసినవి కాబట్టి. పాదాలు ఎలా కదులుతాయి, చేతులు బంతిని ఎలా పడతాయి, రెండోసారి ఎంత వేగంగా ఎగురుతాడు అన్నవి చూడాలి. వీటన్నిటిలో బౌవీ నెగ్గాడు. మిగిలింది ఎముక. అదే కెంటకీలో అతని పక్కన ఆడిన మెల్విన్ టర్పిన్ ఆ ఏడే ఆరో నంబరుకు పోయాడు. అతనికి ఎముక బాధ లేదు, బరువు బాధ వచ్చింది.

వాల్టన్ పాదాల దగ్గర ఒకసారి చెయ్యి కాల్చుకున్న పోర్ట్‌లాండ్ ఈసారి ఊరికే నమ్మలేదు. దాదాపు ఏడు గంటలు బౌవీని డాక్టర్లతో పరీక్ష చేయించింది. కాలు మీద చిన్న సుత్తితో తట్టి నొప్పి ఉందా అని అడిగారు. లేదన్నాడు. 2012లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో తనే చెప్పాడు, నిజానికి లోపల నొప్పి ఉందని, అయినవాళ్ల అవసరాలు తలుచుకుని అలా చెప్పానని. దీన్ని అబద్ధమని తిట్టినవాళ్లున్నారు. మాకు తిట్టబుద్ధి కాదు. ఇరవై మూడేళ్ల కుర్రాడు. ఇంట్లో వాళ్ల బతుకు మారిపోయే ఉద్యోగానికి వైద్య పరీక్ష. ఆ బల్ల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేవాళ్లు మనలో ఎందరు?

జూన్ 19న న్యూయార్క్‌లో రెండో పేరుగా బౌవీని పిలిచారు. మూడో నంబరుకు చికాగో జోర్డాన్‌ను తీసుకుంది. ఏడడుగుల సెంటర్ దొరికితే బాగుండేదని చికాగో మేనేజర్ రాడ్ థోర్న్ కూడా అప్పట్లో అన్నాడంటే ఆనాటి ఆలోచన ఏమిటో తెలుస్తుంది. ఇన్‌మన్‌కు స్నేహితుడైన కోచ్ బాబీ నైట్ మాత్రం జోర్డాన్‌నే తీసుకొమ్మన్నాడని, మాకు సెంటర్ కావాలయ్యా అంటే అతన్నే సెంటర్ ఆడించు అన్నాడని చెప్పుకుంటారు. మేము ఇన్‌మన్‌ను తప్పు పట్టేదల్లా ఇక్కడే. ఖాళీ ఉన్న చోటును చూశాడు గాని, ఎదురుగా ఉన్న మనిషిని చూడలేదు. కాలి సంగతి దురదృష్టం, ఇది మాత్రం ఎంపిక.

మొదటి ఏడు బౌవీ 76 ఆటలు ఆడాడు. ఆటకు 10 పాయింట్లు, 8.6 రీబౌండ్లు, కొత్తవాళ్ల ఉత్తమ జట్టులో చోటు. లెక్క సరిగానే ఉన్నట్టు కనబడింది. రెండో ఏడు 38 ఆటలు. మూడో ఏడు 5 ఆటలకే కుడి కాలి ఎముక, అంటే ఎవరూ భయపడని కాలు, విరిగింది. నాలుగో ఏడు ఒక్క ఆటా లేదు. అయిదో ఏడు 20. మొత్తం 139 ఆటలు. అదే డ్రాఫ్ట్‌లో అయిదో నంబరుకు చార్లెస్ బార్క్‌లీ, పదహారుకు జాన్ స్టాక్టన్ పోయారు. వాళ్లను వదిలేసిన జట్లు ఇంకెన్నో ఉన్నా, నవ్వు మాత్రం పోర్ట్‌లాండ్ మీదే పడింది.

హ్యూస్టన్ వరసగా రెండేళ్లు నాణెం గెలిచింది. 1983లో రాల్ఫ్ శాంప్సన్ కూడా అలా వచ్చినవాడే. ముందు స్థానం కోసం కావాలని ఓడుతున్నారన్న గుసగుస ముదిరి, 1985 నుంచి నాణెం పోయి లాటరీ వచ్చింది.

1989లో పోర్ట్‌లాండ్ బౌవీని న్యూజెర్సీకి ఇచ్చి బక్ విలియమ్స్‌ను తెచ్చుకుంది. విలియమ్స్, డ్రెక్స్‌లర్ కలిసి ఆ జట్టును 1990లో, 1992లో ఫైనల్‌కు చేర్చారు. 1992లో ఎదుట నిలిచి ఓడించింది జోర్డాన్ చికాగోనే. బౌవీ న్యూజెర్సీలో నాలుగేళ్లు, లాస్ ఏంజెలిస్‌లో రెండేళ్లు ఆడి 1995లో మానేశాడు. 511 ఆటలు, ఆటకు దాదాపు 11 పాయింట్లు. ఆ తరవాత కెంటకీలోని లెక్సింగ్టన్‌లో స్థిరపడి పందెం గుర్రాల పనిలో పడ్డాడు.