తెగువ, నిబ్బరం: తెలంగాణ నిర్బంధ కథలను చదివే తీరు

ఉప్పుగూడ స్టేషన్లో ఎంఎంటీఎస్ ఎక్కితే యాకుత్‌పురా దాటగానే డబీర్‌పురా వస్తుంది. అక్కడ దిగి కాస్త దూరం నడిస్తే చంచల్‌గూడ జైలు. వట్టికోట ఆళ్వారుస్వామి ‘జైలు లోపల’ కథల సంపుటిని నేను మొదటిసారి ఈ దారిలోనే, పొద్దుటి రైల్లో చదివాను. యుద్ధకాలపు నిర్బంధం మీద వచ్చిన కథల్లో ధైర్యమని మనం దేన్ని గుర్తుపడుతున్నామన్న ప్రశ్న అప్పుడు పట్టుకుంది. ఆ ప్రశ్న వెంట నడిచిన ఆలోచనే ఈ వ్యాసం.

తెలుగులో ధైర్యానికి మాటలు చాలా ఉన్నాయి. వాటిలో రెండింటిని విడదీసి చూడాలి. తెగువ ఒక క్షణానిది. తుపాకికి ఎదురు నిలవడం, గోడ దూకడం తెగువ. నిబ్బరం రోజులది, నెలలది, ఏళ్లది. యుద్ధ నవలలు సాధారణంగా తెగువను కీర్తిస్తాయి. నిర్బంధంలో బతికిన మనిషికి మాత్రం అసలు పరీక్ష నిబ్బరానిదే. ఆళ్వారుస్వామి కథల విలువ ఇక్కడ ఉందని నా వాదన.

ముందు ‘యుద్ధం’ అన్న మాట సంగతి తేల్చుకోవాలి. 1948 సెప్టెంబరు 13 నుంచి అయిదు రోజుల పాటు భారత సైన్యం హైదరాబాదు సంస్థానం మీద నడిపిన దాడికి ‘పోలీసు చర్య’ అని పేరు పెట్టారు. దానికి ముందు నిజాం పోలీసులు, రజాకార్లు ఊళ్లలో క్యాంపులు వేశారు. తరవాత యూనియన్ సైన్యం క్యాంపులు వచ్చాయి. కమ్యూనిస్టులు నడిపిన రైతాంగ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబరులో విరమించేదాకా తెలంగాణ పల్లెకు ‘క్యాంపు’ అంటే భయమే. ఆ పోరాట నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య తన పుస్తకంలో వేసిన లెక్క ప్రకారం పది వేలకు పైగా కార్యకర్తలు మూడు నాలుగేళ్లు జైళ్లలో, నిర్బంధ శిబిరాల్లో మగ్గారు. కనీసం 50,000 మందిని పోలీసు, మిలిటరీ క్యాంపులకు ఈడ్చుకుపోయారు. ఇది పోరాటాన్ని నడిపిన పక్షం వేసిన లెక్క అని గుర్తుంచుకునే నేను దీన్ని వాడుతున్నాను.

ఇంతమందిలో ఎవరినీ ప్రభుత్వం యుద్ధఖైదీ అనలేదు. పెద్ద జైళ్లకు చేరినవాళ్లకు దక్కిన పేరు ‘డిటెన్యూ’, అంటే విచారణ లేకుండా నిర్బంధంలో ఉంచిన మనిషి. ఇది పేరుతో పోయే తేడా కాదు. యుద్ధఖైదీల సమాచారం సేకరించి వాళ్ల దేశానికి చేరవేయాలని 1929 నాటి జెనీవా ఒప్పందమే చెప్పింది. ఊరి క్యాంపులో రెండు వారాలు దెబ్బలు తిని ఇంటికి చేరిన పాలేరు కోసం అలాంటి కాగితం ఎవరు రాస్తారు? కాగితం లేనిచోట చరిత్రకారుడు ఆగిపోతాడు. అక్కడినుంచి కథకుడే నడవాలి.

ఆళ్వారుస్వామి అలా నడవగలగడానికి ఆయన బతుకే కారణం. నల్లగొండ జిల్లాలో పుట్టి, వంటవాడిగా, హోటల్ సర్వరుగా, ప్రూఫ్‌రీడర్‌గా బతికాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకుంటూ తిరిగి అమ్మాడు. ఎంగిలి కప్పులు ఎత్తిన మనిషి రాజకీయ ఖైదీగా జైలుకెళ్లినా తోటి ఖైదీని పైనుంచి చూడలేడు. రాజకీయ ఖైదీ రాసే జైలు పుస్తకంలో సహజంగా అతని త్యాగమే నడిమధ్యన ఉంటుంది. 1950ల నడుమ వచ్చిన ‘జైలు లోపల’లో రచయిత తాను పక్కకు జరిగి ఆ చోటును మామూలు ఖైదీలకు ఇచ్చాడు. ఈ మనిషిని నేరం దాకా నడిపించిందేమిటని అడిగాడు. మనిషిని కుదించడానికే కట్టిన చోట, ఇంకొక మనిషి మీద ఆసక్తి చావకుండా కాపాడుకోవడం కంటే పెద్ద నిబ్బరం నాకు కనిపించదు. సోల్జెనిత్సిన్ తన శిబిర నవలలో ఇవాన్ డెనిసోవిచ్ అనే మామూలు ఖైదీ ఒక్క రోజును చెప్పి ప్రపంచాన్ని కదిలించింది 1962లో. మన తెలంగాణ రచయిత అప్పటికే మామూలు ఖైదీ కథ రాసి ఉన్నాడని తెలుగు విమర్శ ఇంకా గట్టిగా చెప్పవలసి ఉంది.

నిజామాబాదు జైల్లో ఆళ్వారుస్వామికి తోడు కవి దాశరథి కృష్ణమాచార్య. దాశరథి పద్యాలు పళ్లు తోముకునే బొగ్గుతో జైలు గోడలకెక్కాయి. ఆ పద్యాల్లో నిప్పులు చెరిగేది తెగువే. కానీ చెరిపేస్తారని తెలిసీ మళ్లీ బొగ్గుముక్క చేతబట్టడం నిబ్బరం. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ను దాశరథి ఆళ్వారుస్వామికే అంకితమిచ్చాడు.

చూసినవాడు వెంటనే రాసినదాన్ని చారిత్రక కల్పన అనవచ్చా అనే అభ్యంతరం ఉంది. వాల్టర్ స్కాట్ 1814లో ‘వేవర్లీ’కి ‘అరవై ఏళ్ల కిందటి సంగతి’ అని ఉపశీర్షిక పెట్టాడు. చారిత్రక నవలలో నడిమధ్యన ఉండవలసింది మహాపురుషుడు కాదనీ, మామూలు మనిషేననీ స్కాట్ నవలల ఆధారంగానే విమర్శకుడు లుకాచ్ వాదించాడు. కాలదూరం ప్రకారం చూస్తే ఆళ్వారుస్వామి ఈ కొలతకు ఆనడు. చూపు ప్రకారం చూస్తే చాలామంది చారిత్రక నవలాకారుల కంటే ముందుంటాడు. నాకు రెండో కొలతే ముఖ్యం.

దానికి కారణం ఉంది. బర్మా రైలుమార్గం కథ చూడండి. 1942, 43లలో జపాను సైన్యం 415 కిలోమీటర్ల దారి వేయించింది. అక్కడ మిత్రరాజ్యాల యుద్ధఖైదీలు 12,000 మందికి పైగా చనిపోయారు. ఆసియా కూలీల చావులు అంతకు ఎన్నో రెట్లు. వాళ్లలో మలయా రబ్బరు తోటల నుంచి తరలించిన తమిళులు, తెలుగువాళ్లు ఉన్నారు. ఫ్రెంచ్ రచయిత పియర్ బూల్ అంతకుముందు మలయా రబ్బరు తోటల్లో ఇంజనీరుగా పనిచేసినవాడు. అయినా 1952లో ఆయన రాసిన ‘క్వాయ్ నది వంతెన’ నవలకు కేంద్రం ఒక బ్రిటిష్ కల్నలే. ఆ నవల చదివి ధైర్యానికి చలించిన తెలుగు పాఠకుడికి, ఆ పట్టాల కింద తన భాష మాట్లాడిన మనుషులున్నారని తెలిసే దారే లేదు.

మన సాహిత్యంలోనూ ఇలాంటి ఖాళీ ఉంది. పోరాటం చివరి ఏళ్లలో గోదావరి అడవుల్లోని కోయ గూడేలను ఖాళీ చేయించి జనాన్ని శిబిరాల్లోకి తోలారు. 1950లో మలయాలో బ్రిటిష్ వాళ్లు బ్రిగ్స్ పథకం కింద చేసింది కూడా ఇదే పని. సుందరయ్య పుస్తకంలో ఈ శిబిరాలు ఉన్నాయి. మన కథాసాహిత్యంలో వాటికి దక్కిన చోటు చాలా తక్కువ.

పోరాటంలో పాల్గొన్న స్త్రీల సంగతి కొంత నయం. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో వాళ్లే మాట్లాడారు. అడవిలో పసిబిడ్డను వదులుకోవలసి వచ్చిన కమలమ్మ మాటలు చదివాక, ఆమె చేసినదాన్ని ధైర్యం అని పిలిచి పేజీ తిప్పడం నాకు సాధ్యం కాలేదు. అందులో గర్వం కంటే దుఃఖమే ఎక్కువ వినిపిస్తుంది. నిబ్బరం అన్న నా మాట కూడా అక్కడ చాలదు. నిర్బంధాన్నీ అజ్ఞాతవాసాన్నీ రాయబోయే నవలాకారుడు ఆ దుఃఖానికి వీరత్వం రంగు పూయకుండా రాయగలగాలి.

ములుగు, భద్రాద్రి కొత్తగూడెం, ఖమ్మం జిల్లాల నుంచి వచ్చి హైదరాబాదులో చదువుకుంటున్న విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు తాతమ్మల దగ్గర కూర్చోండి. క్యాంపు ఎక్కడ వేశారో, తిండి ఏం పెట్టారో, ఎవరు తిరిగి రాలేదో అడిగి, వాళ్ల మాటల్లోనే, కోయలో చెబితే కోయలోనే రాసుకోండి. 1950లో పదేళ్లున్న పిల్లలకు ఇప్పుడు ఎనభై నాలుగు దాటాయి.