తుంగభద్ర జలాశయం: నీలి ఆకుపచ్చ నాచు, తాగునీటి ముప్పు

హోస్పేట దగ్గరి తుంగభద్ర జలాశయం బళ్ళారి, కొప్పళ, రాయచూరు ప్రాంతాలకు, ఎగువ కాలువ ద్వారా అనంతపురానికి ప్రాణాధారం. ఇటీవలి ఏళ్లలో ఈ నీరు అప్పుడప్పుడు పచ్చగా మారుతోంది. పొలాల ఎరువులు, ఊళ్ల మురుగు మోసుకొచ్చే భాస్వరం, నత్రజనికి ఎండ, కదలని నీరు తోడైతే, నాచులా కనిపించే సయనోబాక్టీరియా విపరీతంగా పెరుగుతుంది.

పచ్చనీరంతా విషం కాదు. అయితే మైక్రోసిస్టిస్ వంటి కొన్ని రకాలు మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి. ఇది ముఖ్యంగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కూడా రావచ్చు. బ్రెజిల్‌లోని కరువారులో 1996లో కలుషిత నీటితో డయాలసిస్ చేయించుకున్న 50 మందికి పైగా రోగులు కాలేయం చెడి మరణించారు. జీవితకాలం తాగే నీటిలో మైక్రోసిస్టిన్-ఎల్ఆర్ అనే రకం లీటరుకు 1 మైక్రోగ్రాము మించరాదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన.

మన ఇళ్లలో అందరూ నమ్మే ఉపాయం నీరు కాచడం. ఇక్కడ అది పనిచేయదు. మైక్రోసిస్టిన్ మరుగుతున్న నీటిలోనూ చెడదు, పైగా సయనోబాక్టీరియా కణాలు పగిలి లోపలి విషం నీటిలో కలుస్తుంది. శుద్ధి కేంద్రంలో ముందు కణాలను చెక్కుచెదరకుండా వడకట్టి, ఆపై ఉత్తేజిత బొగ్గు, తగిన మోతాదు క్లోరిన్ వాడాలి. కాలువ నీరు పచ్చబడితే పరీక్ష ఫలితం వచ్చేదాకా దాన్ని తాగకండి, పశువులకూ పెట్టకండి.