నీటికి చిక్కని గడియారము

నేడు గడియారమునకు నీరు శత్రువు. ఒకప్పుడు నీరే గడియారము. సూర్యసిద్ధాంతములో చెప్పబడిన నీటియంత్రము అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నె. దానిని తొట్టినీటిలో తేలవిడిచినచో రంధ్రముగుండా నీరు కొద్దికొద్దిగా లోనికి ఎక్కి, గిన్నె మునిగిపోతుంది. మునుగుటకు పట్టిన కాలము ఒక గడియ, అనగా 24 నిమిషములు. పగలు, రేయి కలిసి 60 మునకలు. ‘గడియారము’ అను మాటలో ఆ గడియ ఇప్పటికీ నిలిచియున్నది.

ఆ గిన్నె పనిచేయుటకు నీరు లోనికి రావలెను. చేతిగడియారము పనిచేయుటకు నీరు లోనికి రాకూడదు. అయినను రెండింటి కథ ఒక చిన్న రంధ్రము చుట్టునే తిరుగుతుంది.

కృష్ణాజిల్లా మెట్టసీమలో, అనగా 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ప్రాంతములో, జగ్గయ్యపేట వైపు పాలేరు, నందిగామ వైపు మున్నేరు పారి కృష్ణలో కలుస్తున్నవి. ఇట్టి యేటిలో ఈతకు దిగువాడు పెండ్లినాడు అత్తవారు పెట్టిన ఖరీదైన గడియారమును తీసి గట్టున పెట్టవలెనా? వెనుక మూతపై ‘30 మీటర్లు’ అని చెక్కియున్నది కదా అని ధైర్యముగా దిగవచ్చునా? జవాబు తెలియవలెనన్న ఆ అంకె ఎట్లు పుట్టినదో ముందు తెలియవలెను.

చేతిగడియారమునకు నీరు చొరగల దారులు మూడు: అద్దము అంచు, వెనుక మూత, కీ ఇచ్చు బొడిపె. మొదటి రెండింటిని మరచుట్టుతో బిగించవచ్చును. మూడవది కష్టము. బొడిపె కాడ పెట్టె గోడలోని రంధ్రముగుండా లోని యంత్రమును చేరుతుంది. అది తిరుగుతూ ఉండవలెను. దాని పక్కనుండి నీరు రాకూడదు. 1925లో స్విట్జర్లాండునకు చెందిన పెర్రెగో, పెర్రె అను ఇద్దరు బొడిపెనే మరవలె బిగించు పద్ధతికి పేటెంటు కోరుతూ దరఖాస్తు చేసిరి. రోలెక్స్ సంస్థాపకుడు హాన్స్ విల్స్‌డార్ఫ్ ఆ హక్కును కొని, 1926లో ‘ఆయిస్టర్’ అను గడియారమును వెలువరించెను. ఆయిస్టర్ అనగా ముత్యపుచిప్పల జాతి జీవి. పెంకు మూసుకొనినచో లోపలికి నీరు పోదు.

ఆ గడియారమునకు పేరు తెచ్చినది ఒక యువతి. మెర్సిడిస్ గ్లైట్జ్ 1927 అక్టోబరు 7న ఇంగ్లీషు ఛానల్‌ను ఈది, ఆ ఘనత పొందిన మొదటి బ్రిటిష్ మహిళ అయినది. కొద్దిదినములలోనే మరొక స్త్రీ తాను ఇంకను వేగముగా ఈదితినని చెప్పి, పిమ్మట అది అబద్ధమని ఒప్పుకొన్నది. దానితో గ్లైట్జ్ మాట కూడ అనుమానము పాలైనది. తన నిజాయితీని నిలుపుకొనుటకు ఆమె అక్టోబరు 21న మరల నీటిలోనికి దిగినది. ఈసారి ఆమె మెడలో ఆయిస్టర్ గడియారము ఉన్నది. నీరు మిక్కిలి చల్లగా ఉండుటచేత పది గంటలకు పైగా ఈదిన తరువాత ఆమెను పడవలోనికి తీయవలసివచ్చినది. ఆవలి గట్టు చేరలేదు. గడియారము మాత్రము నడుస్తూనే ఉన్నది. నవంబరు 24న లండనులోని ‘డైలీ మెయిల్’ మొదటి పుటలో దాని ప్రకటన వెలువడినది. ఛానల్‌ను దాటిన గడియారమని వాడుకలో ఉన్న మాట సరికాదు. ఆమె దాటిన ఈతలో అది లేదు; అది ఉన్న ఈతలో ఆమె దాటలేదు.

అయితే ప్రతిదినము కీ ఇచ్చుటకు బొడిపె విప్పవలెను కదా. విప్పినవాడు మరల బిగించుట మరచినచో రంధ్రము తెరచినట్లే. 1931లో రోలెక్స్ తెచ్చిన, చేతి కదలికతో తానే చుట్టుకొను గడియారము ఈ అవసరమును తగ్గించినది. 1943లో కూస్టో, గాన్యాన్ నీటిలో గాలి పీల్చు పరికరమును రూపొందించిన పిమ్మట గడియారము ప్రాణరక్షక సాధనమైనది. సిలిండరులో గాలి ఎంతసేపు వచ్చునో మునిగినవానికి తెలియవలెను. 1953లో బ్లాంపా కంపెనీ, రోలెక్స్ కంపెనీ, గడచిన నిమిషములు చూపుటకు తిరుగు అంచుగల గడియారములను తయారుచేసినవి. 1960 జనవరి 23న ‘ట్రియెస్ట్’ నౌక మరియానా అగాధములో దాదాపు 10,900 మీటర్ల అడుగునకు దిగినప్పుడు, దాని బయట కట్టిన ప్రత్యేక గడియారము నడుస్తూనే పైకి వచ్చినది.

ఇప్పుడు ‘30 మీటర్ల’ సంగతి. ప్రతి 10 మీటర్ల లోతునకు చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో బరువు పెరుగుతుంది. 30 మీటర్ల లోతున, 3 సెంటీమీటర్ల వ్యాసముగల అద్దముపై సుమారు 21 కిలోల బరువు పడుతుంది. ఈతలో చేయి విసరుటవలన ఒత్తిడి మిక్కిలి పెరుగుతుందని కొందరు భయపడుదురు. లెక్క చూడుడు: సెకనుకు 5 మీటర్ల వేగముతో విసరినను కలిగే అదనపు ఒత్తిడి సుమారు 1.3 మీటర్ల లోతునకు సమానము. అంతే.

మరి గడియారములు ఎందుకు పాడగుచున్నవి? చెక్కిన అంకె కొత్త గడియారము ఓర్చుకొనగల పరీక్ష ఒత్తిడిని చెప్పునది. మునుగవలసిన లోతును కాదు. లోని రబ్బరు వలయములు ఏళ్ళ తరబడి సబ్బు, చెమట, ఎండలవలన గట్టిపడి బీటలువారుతవి. ఎండలో 50 డిగ్రీలకు వేడెక్కిన గడియారము 27 డిగ్రీల నీటిలో మునిగినచో, లోని గాలి పీడనము 7 శాతము తగ్గి, వలయము సందునుండి నీటిని లోనికి పీల్చును. కొత్త వలయమునకు ఇది లెక్కకాదు. బీటలువారిన వలయమునకు ఇదే చాలును. మునుకలకై ప్రత్యేకముగా చేసిన గడియారములకు అంతర్జాతీయ ప్రమాణము కనీసము 100 మీటర్లు. అందు ప్రతిదానిని, చెప్పిన ఒత్తిడికన్న 25 శాతము ఎక్కువలో పరీక్షించవలెను.

కాబట్టి జగ్గయ్యపేట యువకుడు గానీ, నందిగామ విద్యార్థి గానీ నీటిలో దిగుటకు ముందు అడుగవలసినది రెండు ప్రశ్నలు: వలయములు మార్చి ఎంతకాలమైనది? బొడిపె బిగించినానా? విలువ ఎంతయైనను గడియారమును కాపాడునది ఆ రెండే. ఏటి సంగతి వేరు. 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరము వద్ద జాతీయ రహదారినే ముంచినది. అట్టి నీటిలో దిగుమని ఏ గడియారము వెనుకను వ్రాసియుండదు.