ఒక శరత్పుష్పం, మూడు దేశాలు

పరిమళానికి దానంతటదిగా అర్థమేదీ ఉండదనీ, మనుషులే తమ చరిత్రలోంచి తెచ్చి దానికొక అర్థాన్ని కల్పిస్తారనీ నాకు చాలాకాలంగా ఒక నమ్మకం. ఈ నమ్మకానికి నేను చూపగలిగిన సాక్ష్యాలలో బలమైనది ఓస్మాంథస్ అనే పువ్వు కథ. సుగంధ ద్రవ్యాల చరిత్రపై ఆసక్తి గల మిత్రుల కోసం దానిని ఇక్కడ క్లుప్తంగా చెబుతాను.

ఈ పువ్వు చిటికెన వేలి గోరంత ఉంటుంది. నాలుగే రేకులు. రంగు తెలుపు నుంచి లేత పసుపు, ముదురు నారింజ దాకా మారుతుంది. ఆకుల మొదళ్ళలో గుత్తులుగా పూసి, కంటికి కనబడక ముందే వాసనతో తన ఉనికిని తెలుపుతుంది. హిమాలయాల నుంచి చైనా, జపాన్ల దాకా ఈ చెట్టు పెరుగుతుంది. 1784లో స్వీడన్ దేశపు థున్‌బెర్గ్ దీనిని ఆలివ్ జాతిలో చేర్చాడు. 1790లో పోర్చుగీసు మతబోధకుడు లోరేరు దీనికోసం ఓస్మాంథస్ అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. గ్రీకు భాషలో ఆ మాటకు సువాసన గల పువ్వు అని అర్థం. మన మల్లె, పారిజాతం కూడా ఆలివ్ కుటుంబానికే చెందినవి కనుక ఇది మనకు దూరపు చుట్టమే.

చైనాలో దీని పేరు గుయ్‌హువా. అక్కడ ఎనిమిదవ చాంద్రమాసపు పున్నమినాడు శరత్పూర్ణిమ పండుగ జరుపుకొంటారు. మన లెక్కలో అది సాధారణంగా భాద్రపద పౌర్ణమి. రాత్రులు చల్లబడే ఆ రోజులలోనే గుయ్‌హువా విరబూస్తుంది. చంద్రునిలోని మచ్చను మనం కుందేలుగా చూస్తే, వారు కుందేలుతోపాటు గుయ్ చెట్టును కూడా చూశారు. శాపగ్రస్తుడైన వూ గాంగ్ గొడ్డలితో ఆ చెట్టును నరుకుతూనే ఉంటాడనీ, వేటు పడిన చోటు వెంటనే పూడుకుపోతూనే ఉంటుందనీ తొమ్మిదవ శతాబ్దపు గ్రంథం యూయాంగ్ జాజూలో ఒక కథ ఉన్నది. రాష్ట్రస్థాయి రాచకొలువు పరీక్షలు కూడా శరత్తులోనే జరిగేవి. అందువల్ల ఉత్తీర్ణుడు కావడాన్ని గుయ్ కొమ్మను విరవడమనే నానుడితో చెప్పేవారు. ఆ పరీక్షలు 1905లో రద్దయినా నానుడి నిలిచింది. ఆ పువ్వులను నేటికీ తేయాకులో, మద్యంలో, మిఠాయిలలో కలుపుతారు. ఒక చైనీయునికి ఈ వాసన పండుగ, విద్య, వెన్నెల.

జపాన్ కథ వేరు. నారింజరంగు పూల రకం ఎడో కాలంలో చైనా నుంచి అక్కడికి చేరింది. దానిని వారు కిన్మొకుసేయి అంటారు. అక్కడున్నవి దాదాపు అన్నీ మగచెట్లే. అంటుకట్టి, కొమ్మలు నాటి పెంచినవే కనుక కాయలు కాయవు. ఘాటైన వాసన గల ఈ చెట్టును పాతకాలపు మరుగుదొడ్ల పక్కన నాటేవారు. 1970లనాటికి ఆ వాసననే కృత్రిమంగా తయారుచేసి మరుగుదొడ్ల సుగంధకారిగా అమ్మారు. ఫలితంగా ఒక తరం జపనీయులకు శరత్కాలపు వీధిలో ఈ పూలు గుబాళిస్తే ముందుగా స్ఫురించేది మరుగుదొడ్డి. పువ్వులో మార్పు లేదు. వాసనలోనూ పెద్ద మార్పు లేదు. చైనాలో పరీక్ష నెగ్గినవాని గౌరవానికి గుర్తయిన పరిమళం సముద్రం దాటి, కర్మాగారంలో చౌకగా తయారై, ఈ గతికి చేరింది.

మూడవ మజిలీ పారిస్. 2000లో జాన్ క్లోద్ ఎల్లెనా, తియెరీ ద బాష్మకోఫ్ కలిసి ది డిఫరెంట్ కంపెనీ అనే చిన్న సుగంధ సంస్థను స్థాపించారు. దాని తొలి పరిమళాలలో ఒకటి ఓస్మాంథస్. గ్రాస్ పట్టణంలో 1947లో జన్మించిన ఎల్లెనా కొద్దిపాటి దినుసులతో మితంగా కూర్చడానికి ప్రసిద్ధుడు. 2004లో ఎర్మెస్ సంస్థకు వెళ్ళాక, 2005లో అదే పువ్వును తేనీటి వాసనతో జోడించి మరొక పరిమళం చేశాడు. ఈ పువ్వు పట్ల సుగంధకారుల మక్కువకు కారణం దాని వాసనలోని వైవిధ్యం: హైదరాబాదీలు ఖుబానీ అనే ఆప్రికాట్ పండు తీపి ఒకవైపు, మెత్తని తోలు వాసన మరొకవైపు.

ఈ వైవిధ్యానికి రసాయన శాస్త్రం చెప్పే కారణం నన్ను ఎంతో ఆకర్షించింది. పండు వాసన గామా డెకలాక్టోన్ అనే పదార్థానిది. దానికి తోడుండే బీటా అయనోన్, కారోటినాయిడ్లనే పసుపు, నారింజ వర్ణద్రవ్యాలు విరిగినప్పుడు పుడుతుంది. శీతల దేశాలలో శరత్తు రాగానే ఆకులలో బయటపడే పసుపురంగు కూడా ఆ కారోటినాయిడ్లదే. అంటే ఆకులలో రంగుగా కనిపించే శరత్తు ఈ పువ్వులో వాసనగా మారుతున్నది. మన పారిజాతపు కాడకు కాషాయవర్ణాన్నిచ్చే క్రోసెటిన్ కూడా ఈ కుటుంబంలోదే. పూర్వం దానితో పట్టుబట్టలకు రంగు వేసేవారు.

ఇక్కడే నాకొక శంక. గుయ్‌హువా పూసేది ఏటా కొద్దిరోజులే. ఆ కొద్దిరోజుల కోసం ఎదురుచూడటం వల్లనే దానికి పండుగతోనూ, చంద్రునితోనూ బంధుత్వం కలిగింది. సీసాలోకి ఎక్కిన పరిమళం చైత్రంలోనూ, జ్యేష్ఠంలోనూ ఒకేలా లభిస్తుంది. ఎల్లెనా వంటి కళాకారుని కూర్పును, మరుగుదొడ్డి సుగంధాన్ని ఒకే గాట కట్టడం నా ఉద్దేశం కాదు. మొదటిదానిలో పువ్వు పట్ల శ్రద్ధ ఉన్నది, రెండవదానిలో లేదు. అయినా రెండూ పువ్వును దాని ఋతువు నుంచి విడదీసినవే. ఋతువు పోయాక మిగిలిన వాసనకు ఏ అర్థమైనా అంటుకొంటుందని జపాన్ అనుభవం చెబుతున్నది.

పారిజాతాలు తెల్లవారేసరికి రాలిపోతాయి. చిన్నప్పుడు వాటిని ఏరుకొన్నవారికి ఆ కాసేపటి వ్యవధి కూడా పరిమళంలో భాగమే. రేపు ఏ సుగంధ సంస్థ అయినా పారిజాతాన్ని సీసాలో నింపితే నేను సంతోషంగానే కొంటాను. అయితే ఆశ్వయుజంలో తప్ప మూత తీయను.