దిద్దే చేతికి తొలి పాఠం: మదీనా నుంచి మక్కా దాకా

ఉర్వా ఇబ్న్ జుబైర్ మదీనా నగరపు ఏడుగురు ప్రసిద్ధ ధర్మవేత్తలలో ఒకరు. 8వ శతాబ్ది తొలినాళ్ళలో మరణించారు. హదీసు విద్యార్థులకు తరతరాలుగా చెబుతూ వస్తున్న ఉదంతం ఒకటి ఆయన పేరున ఉంది. రాసుకోవడం పూర్తయిందా అని ఆయన కొడుకు హిషామ్‌ను అడిగారట. అయిందన్నాడు కొడుకు. మూలంతో పోల్చి చూశావా అంటే లేదన్నాడు. అయితే నీవు రాయనే లేదని తండ్రి తేల్చేశారు.

ఈ పోల్చిచూడడానికి అరబ్బీలో ముఖాబలా అని పేరు. రెండు ప్రతులను ఎదురెదురుగా ఉంచి సరిచూడడమని అర్థం. ఇప్పుడు కాపీ ఎడిటింగ్ అంటున్న వృత్తిలోకి వచ్చేవారు సాధారణంగా వ్యాకరణంతోనూ శైలీనియమాలతోనూ మొదలుపెడతారు. అరేబియా నేలమీద పుట్టి పెరిగిన ఈ సంప్రదాయం వాటికన్నా ముందు మరొక నైపుణ్యాన్ని కోరింది. తప్పుగా తోచిన ప్రతిదానిమీదా చెయ్యి వేయకుండా ఆగగలగడమే ఆ నైపుణ్యం.

హదీసు పండితులు ఇందుకు స్పష్టమైన పద్ధతులు ఏర్పరచారు. ఒకరు పైకి చదువుతుంటే మరొకరు ప్రతిలో చూసుకోవాలి. రాయడంలో మాట జారిపోతే, ఆ చోటునుంచి అంచువైపు ఒక గీత వంచి, జారిన మాటను అంచున రాసి, చివర 'సహ్హ' అని చేర్చాలి. సరిచూసి చేర్చినదని దాని భావం. మన తాటాకు ప్రతుల్లో హంసపాదు చేసే పని ఇదే. అదనంగా పడిన మాటను గీకి చెరిపేయడం కన్నా, కింద ఉన్నది కనిపించేలా గీత పెట్టడం మేలని భావించారు. గీకేస్తే అక్కడ ఏముండేదో తరువాతివారికి తెలియదు. పైగా మరొక పరంపరలో ఆ మాటే సరైన పాఠం కావచ్చు. అనుమానం కలిగినా మూలంలో అలాగే ఉన్న మాటను ఉన్నట్టే ఉంచి, పైన చిన్న గుర్తు పెట్టేవారు. చేర్పు, కొట్టివేత, సందేహం మూడూ చదువరి కంటికి కనబడేలా ఉండాలన్నది ఇందులోని సూత్రం. నేటి వర్డ్ ఫైలులో ట్రాక్ చేంజెస్ చేసేదీ అదే.

ఈ జాగ్రత్త అనుభవం నేర్పినది. 12వ శతాబ్దికి చెందిన ఖాదీ ఇయాజ్, అండలూసియా పండితుడు అల్-వఖ్ఖషీని ఉదాహరణగా చూపారు. అల్-వఖ్ఖషీ భాషలో దిట్ట. ఆ ధీమాతోనే పాఠాలను ధైర్యంగా మార్చేవాడు, చాలా చోట్ల తప్పులో కాలేశాడు. పాండిత్యం కొరవడడం ఆయనను దెబ్బతీయలేదు, పాండిత్యాన్ని మితిమీరి నమ్ముకోవడం దెబ్బతీసింది.

దీనికి ప్రతిగా 13వ శతాబ్ది డమాస్కస్‌లో జరిగిన ఒక పరిష్కరణను చెప్పుకోవచ్చు. సహీహ్ బుఖారీ ప్రతులను యూనీనీ అనే పండితుడు సరిచూస్తుండగా, ప్రఖ్యాత వ్యాకరణకర్త ఇబ్న్ మాలిక్ పక్కన కూర్చున్నారు. ఆ పఠనం 71 కూర్పులలో సాగిందని చెబుతారు. వ్యాకరణానికి ఒదగని ప్రయోగాలు ఎదురైనపుడు వాటిని దిద్దేయడానికి ఆయనకు అధికారమూ ఉంది, ప్రతిష్ఠా ఉంది. ఆయన అలా చేయలేదు. అటువంటి ప్రయోగాలకు సమర్థనలు వెదికి విడిగా ఒక గ్రంథమే రాశారు. యూనీనీ పాఠాంతరాలను సంకేతాక్షరాలతో అంచున నమోదు చేశారు.

ఇదంతా విద్వత్సభలలోని మాట. కూలికి రాసి బతికేవారి లోకం వేరు. ఇస్లామిక్ నగరాల్లో వర్రాఖులు ప్రతులు రాసేవారు, సరిచూసేవారు, అమ్మేవారు. 10వ శతాబ్దిలో గ్రంథసూచి కూర్చిన అల్-నదీమ్ ఆ వృత్తివాడే. అబూ హయ్యాన్ అల్-తౌహీదీ కూడా ఆ పనిచేసి, అది అరిష్టపు వృత్తి అని వాపోయాడు. స్వతంత్ర పరిష్కర్త ఆదాయానికి నిలకడ లేకపోవడం నేటి సమస్య మాత్రమే కాదు.

అచ్చు వచ్చాక ఈ పని ముసహ్హిహ్ చేతికి, అంటే అచ్చుప్రతి దిద్దేవాని చేతికి చేరింది. ఒట్టోమన్ ప్రభుత్వం 1883లో మక్కాలో ముద్రణాలయం స్థాపించింది. మలయ్ పుస్తకాల బాధ్యతను 1884లో అహ్మద్ అల్-ఫతానీకి అప్పగించారు. నేటి దక్షిణ థాయిలాండ్‌లోని పటానీలో 1856లో పుట్టిన ఆయన మక్కాలోనూ కైరోలోనూ చదువుకున్నారు. మలయ్‌ను అరబ్బీ లిపిలో రాయాలంటే అరబ్బీలో లేని చ, ఙ, ప, గ, ఞ ధ్వనులకు అదనపు అక్షరాలు కావాలి. ఒక చుక్క తేడాతో మాట మారిపోతుంది. రెండు భాషలూ తెలిసిన కన్ను లేకుండా అక్కడ అచ్చు సాగదు. తన ఊరివాడైన దావూద్ అల్-ఫతానీ గ్రంథాల ప్రతులను ఆయన సేకరించి, పోల్చి, అచ్చుకు సిద్ధం చేశారు. పరాయి నేలపై ఒక ప్రవాసి తన మాతృభాషకు చేసిన సేవ అది. 1908లో ఆయన మక్కాలోనే మరణించారు.

తెలుగువారికి ఈ పద్ధతి కొత్త కాదు. 19వ శతాబ్ది పూర్వార్ధంలో కడపలో సి. పి. బ్రౌన్ జూలూరి అప్పయ్య వంటి పండితులను జీతమిచ్చి నియమించి, ఒక్కో కావ్యానికి పలు ప్రతులు తెప్పించి పోల్పించాడు. లోకం బ్రౌన్ పేరునే ఎక్కువగా గుర్తుంచుకున్నా, పాఠం నిలబడింది ఆ పండితుల ఓర్పు మీద.

మదీనాలో 1984లో ప్రారంభమైన ఫహద్ రాజు ఖురాన్ ముద్రణా సముదాయంలో ముద్రణకు ముందు పండితుల సంఘం ప్రతిని పరిశీలిస్తుంది. అక్కడ వెలువడిన అనువాదాలలో తెలుగు కూడా ఉంది. ఒకరు రాసినదాన్ని మరొకరు సరిచూడాలన్న ఉర్వా పట్టుదల ఆ నగరంలో ఇంకా పని చేస్తూనే ఉంది.

ఉద్యోగంపై సౌదీ వెళ్ళిన తెలుగువారిలో ఖాళీ వేళల్లో ఈ పని చేపట్టాలనుకునేవారు ముందుగా ఒక సంగతి గమనించాలి. 2005 నాటి కార్మిక చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగి సొంత లెక్కన పనిచేయడానికి వీలులేదు. అయితే విద్యను అభ్యసించడానికి అనుమతి పత్రం అక్కరలేదు. ఏదైనా వ్యాసాన్ని తీసుకుని, మార్పులన్నీ కనబడేలా దిద్ది, ఒక్కో మార్పుకు కారణాన్ని అంచున రాయడం తొలి సాధన. కారణం రాయలేని మార్పును వెనక్కి తీసుకోవడం రెండో సాధన. ఆ తరువాత మూలాన్ని మరొకరిచేత పైకి చదివించుకుంటూ మొత్తం మళ్ళీ సరిచూసుకోవాలి.