పన్ను వెనకాల లెక్క

ఆయుధ పూజ వచ్చిందంటే, జంగారెడ్డిగూడెంలో లేత్ షెడ్డు మొదలుకొని ట్రాక్టర్ మెకానిక్ కొట్టు దాకా ప్రతి యంత్రానికీ పసుపూ కుంకుమా పడతాయి. వాటన్నిటి లోపలా కనబడకుండా తిరిగే పళ్ళ చక్రం కథ చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి సందర్భం దొరకదు.

1901లో ఆంటికితెరా దీవి దగ్గర సముద్రంలోంచి బయటపడిన గ్రీకుల కంచు యంత్రంలో 223 పళ్ళ చక్రం ఉంది. అది రెండువేల ఏళ్ళ కిందటిది. మన వడ్రంగులు పత్తి గింజ తీసే చర్ఖాకీ, చెరకు గానుగకీ కొయ్యలోనే మెలికల పళ్ళు చెక్కారు. 18వ శతాబ్దంలో ఆయిలర్ అనే గణితవేత్త పంటికి ఇన్వొల్యూట్ వంపు బాగుంటుందన్నాడు. గుండ్రటి డబ్బాకు చుట్టిన దారాన్ని బిగువుగా విప్పుతుంటే దాని కొస గీసే వంపు అది.

నాకు ప్రాణమైన ఘట్టం మాత్రం అమెరికా అంతర్యుద్ధం నాటిది. ప్రావిడెన్స్ ఊళ్ళో తుపాకులు చేసే కార్ఖానాలో డ్రిల్లు బిట్ల మెలిక గాడిని పనివాళ్ళు సన్నటి గుండ్రటి ఆకురాయితో అరగదీసేవారు. ఎంతమంది కూర్చున్నా పని తెమిలేది కాదు. అక్కడి ఫ్రెడరిక్ హోవ్ ఆ బాధ చెబితే, జోసెఫ్ బ్రౌన్ 1862లో యూనివర్సల్ మిల్లింగ్ మెషిన్ కట్టాడు. దానికి అమర్చిన, చుట్టును సమభాగాలుగా పంచే డివైడింగ్ హెడ్డే గేర్లు కోసేవాళ్ళ పాలిట వరమైంది. మామూలు డివైడింగ్ హెడ్డు పిడి 40 చుట్లు తిప్పితే కోసే ముక్క ఒక్క చుట్టు తిరుగుతుంది. 37 పళ్ళు కావాలంటే, ఒక్కో పంటికి ఒక చుట్టూ, పిడి వెనకుండే పళ్ళెంలోని 37 రంధ్రాల వరసలో మరో 3 రంధ్రాలూ. మేస్త్రి ధ్యాస చెదిరి ఒక్క రంధ్రం తప్పాడా, గేర్ పాత ఇనుము కిందికి పోవాల్సిందే. బ్రౌన్ 1864లో తెచ్చిన కట్టర్‌కు ఎన్నిసార్లు సాన పెట్టినా పంటి ఆకారం మారదు. 12 పళ్ళ నుంచి ఎన్ని పళ్ళకైనా ఒక్కో పంటి సైజుకు ఎనిమిది కట్టర్లు చాలు.

ఆ పైన కథ ఒక దారిన నడవలేదు. 1897లో జర్మనీలో ఫౌటర్, మర లాంటి కట్టర్‌తో పళ్ళన్నీ ఆగకుండా కోసే హాబింగ్ యంత్రం కట్టాడు. పెద్ద ఫ్యాక్టరీలు అటు మళ్ళాయి. 1952లో ఎంఐటీలో అంకెల ఆదేశాలతో నడిచే మిల్లింగ్ యంత్రం కదిలింది. మన దగ్గర బెంగళూరు, హైదరాబాద్ హెచ్‌ఎంటీలూ, సికింద్రాబాద్ ప్రాగా టూల్సూ యంత్రాలు చేశాయి. ఇప్పుడు కంప్యూటర్‌తో నడిచే చిన్న సీఎన్‌సీ యంత్రం ఇంటి షెడ్డులోనే ఇముడుతోంది.

దానికి తిరిగే నాలుగో అక్షం తగిలిస్తే రంధ్రాల పళ్ళెం అక్కర్లేదు. అయినా లెక్క తప్పదు. 53 పళ్ళకు ఒక్కో అడుగు 6.79245 డిగ్రీలు. దాన్ని 6.79గా కుదించి కలుపుకుంటూ పోతే చుట్టు పూర్తయ్యేసరికి 0.13 డిగ్రీ తేడా వస్తుంది. మాడ్యూల్ (పంటి సైజు చెప్పే అంకె) 2 ఉన్న గేర్‌లో అది దాదాపు మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. ఆఖరి పన్ను పట్టేస్తుంది. అందుకే ప్రతి పంటినీ సున్నా నుంచే లెక్కగట్టాలి. తేలికపాటి యంత్రం ఇత్తడి, అల్యూమినియం, నైలాన్ బాగా కోస్తుంది. ఉక్కు దగ్గర అదురుతుంది, కొద్దికొద్దిగా కోయాలి.

పొగాకు, ఆయిల్‌పామ్ పండే మన మెట్టలో కంపెనీ ఎప్పుడో ఆపేసిన యంత్రానికి ఒకే ఒక్క గేర్ కావాలంటే ఇలాంటి షెడ్డే దిక్కు. కాబట్టి విరిగిన గేర్‌ను తూకానికి వేయకండి. పళ్ళు లెక్కపెట్టి రెండు కలపండి, బయటి వ్యాసాన్ని దానితో భాగించండి. 53 పళ్ళూ 110 మిల్లీమీటర్లూ అయితే మాడ్యూల్ 2. నేరు పళ్ళున్న మామూలు మెట్రిక్ గేర్‌కి ఈ లెక్క సరిపోతుంది. ఆ అంకెతోపాటు ముక్కలన్నీ మేస్త్రి చేతిలో పెట్టండి.