బలెనో స్మార్ట్ హైబ్రిడ్

మారుతి సుజుకి 2019 ఏప్రిల్‌లో విడుదల చేసిన కుటుంబ హ్యాచ్‌బ్యాక్ కారు. పొడవు 3,995 మిల్లీమీటర్లు. నాలుగు మీటర్లు దాటని చిన్న పెట్రోలు కార్లకు పన్ను తక్కువ కనుక ఆ హద్దులోనే రూపొందించారు.

ఇందులోని 1.2 లీటర్ల డ్యూయల్‌జెట్ పెట్రోలు ఇంజను శక్తి 90 పీఎస్. దానికి బెల్టుతో జోడించిన స్టార్టర్ జనరేటరే ఈ కారు అసలు విశేషం. బ్రేకు వేసినప్పుడు అది జనరేటరుగా పనిచేసి, వేడిగా వృథా అయ్యే శక్తిలో కొంత పట్టి లిథియం అయాన్ బ్యాటరీలో నింపుతుంది. వేగం పెంచేటప్పుడు మోటారుగా మారి ఇంజనుకు చేయూతనిస్తుంది. సిగ్నల్ దగ్గర కారును న్యూట్రల్‌లో ఉంచి క్లచ్ వదిలితే ఇంజను ఆగుతుంది, క్లచ్ తొక్కగానే మళ్లీ అందుకుంటుంది. అయితే కేవలం కరెంటుతో ఈ కారు నడవదు. అందుకే దీన్ని మైల్డ్ హైబ్రిడ్ అనడమే న్యాయం.

అధికారిక పరీక్షలో మైలేజీ లీటరుకు 23.87 కిలోమీటర్లు. కాజీపేట, హనుమకొండ, వరంగల్ కలిసిపోయిన మూడు ఊళ్ల నగరంలో ఆగుతూ సాగుతూ వెళ్లేవారికి ఈ అమరిక బాగా పనికొస్తుంది. హైదరాబాద్ వైపు 163వ జాతీయ రహదారిపై నిలకడగా వెళ్తే బ్రేకులు తక్కువ, లాభమూ తక్కువే.

2022 ఫిబ్రవరిలో వచ్చిన కొత్త బలెనోలో డ్యూయల్‌జెట్ ఇంజను ఉంచి, హైబ్రిడ్ అమరికను తీసేశారు.